ఏమీ అనుకోకు నాన్నా

తెనాలిలో మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి, బిడ్డకు పాలివ్వబోయే ప్రతిసారీ "ఏమీ అనుకోకు నాన్నా" అని వాడిని బతిమాలుకునేది. నెలల పిల్లవాడు ఆకలికి ఏడ్చేవాడు. రెండు గుక్కలు తాగగానే నొప్పితో ఒళ్లు విరుచుకుని కెవ్వుమనేవాడు, తాగిందంతా కక్కేవాడు. తను పాలూ పెరుగూ తీసుకున్నా బిడ్డకు పడదని డాక్టరు చెప్పాక, ఆమె అవన్నీ మానేసింది.

"ఇంకేం మానాలో చెప్పండి పిన్నిగారూ," అని ఒకరోజు అడిగింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన నేను, బాబును అందుకుని వీపు నిమిరాను.

ఆమె రేపల్లెలోని పుట్టింటికి వెళ్తుంటే తోడు వెళ్లాను. ఆ రోజు రైల్లో బాబు ఏడవకుండా తాగాడు. ఆమె వాణ్ణి నిటారుగా భుజాన వేసుకుని బిగుసుకుని కూర్చుంది. చివరి స్టేషను రేపల్లె వచ్చింది, పెట్టంతా ఖాళీ అయింది. ఆమె మాత్రం లేవలేదు.

"దిగుదామా అమ్మా?"

"కదిలితే కక్కేస్తాడేమోనండి," అంది గుసగుసగా.

నేనూ కదలకుండా కూర్చున్నాను. అయినా కాసేపటికి బాబు కక్కేశాడు. ఆమె చున్నీతో వాడి మూతి తుడిచి, తన భుజం తడి అలాగే వదిలేసింది.

"పోనీలెండి పిన్నిగారూ, కాసేపైనా కడుపులో ఉన్నాయి," అంది.