బెంచ్‌మార్క్ పెట్టెకు నేను చేసిన సన్మానం

మొన్న నేనొక యంత్రాన్ని సన్మానించిన పాపానికి ఒక మంచి కుర్రవాడి ఉద్యోగానికే ముప్పు వచ్చింది. కూర్చోండి, టీ వస్తోంది. విన్నాక మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి, ఇంటిల్లిపాదీ ఇప్పటికే నవ్వేశారు.

మా కోడలు వైదేహి పనిచేసే కంపెనీ ఒక ప్రోగ్రామింగ్ భాషకు వర్చువల్ మెషీన్లు తయారు చేస్తుంది. అవేమిటమ్మా అని అడిగాను.

"మామయ్యగారూ, మీరు ఒకే పద్యమిచ్చి ముగ్గురు శిష్యుల చేత అప్పజెప్పించుకునేవారు కదా? అలాగే ఇక్కడ ప్రోగ్రామ్ ఒకటే, దాన్ని చదివి నడిపించే మెషీన్లు వేరు. ఎవరి వేగం ఎంతో చూడాలి."

"మరి పరీక్షాధికారి ఎవరు?"

"ఈ కంప్యూటర్ పెట్టె. మాలో ఎవరు కోడ్ మార్చినా, ఏ మార్పూ లేని రోజు కూడా ఒకసారి, ఇది తనంతట తానే పరీక్షలన్నీ నడిపి, పాత వేగంతో పోల్చి, పెరిగిందో తగ్గిందో గ్రాఫ్ గీస్తుంది. ఆ పరీక్షనే బెంచ్‌మార్క్ అంటాం."

ఆఫీసు వేరే బిల్డింగుకు మారుతుండడంతో ఆ పరీక్షాధికారి కొన్నాళ్లు మా ఇంటికి అతిథిగా విచ్చేశాడు. లాల్‌దర్వాజాలో మేము అద్దెకుంటున్నది డంగుసున్నపు గోడల పాత ఇల్లు. అందులో మరీ చల్లనిది నా గది. కనుక అతిథి బస అక్కడే. "దీని మీద వేరే పనేదీ జరగకూడదు, స్విచ్ నొక్కకూడదు, అసలు ముట్టుకోనే కూడదు" అని కోడలు చెప్పింది. మడి సంగతి నాకు ఒకరు నేర్పాలా? తన గ్రాఫులన్నీ హాల్లో లాప్‌టాప్‌లోనే కనిపిస్తాయి గనుక, నా జపానికీ చదువుకూ భంగం కలగకూడదని ఆమె ఆ గది గడప తొక్కేది కాదు.

శుక్రవారం నాడు మా సందులో పైపుల కోసం తవ్వడం మొదలుపెట్టారు. కిటికీ మూసినా ఎర్రని ధూళి గదిలోకి వచ్చి పడుతోంది. గ్రంథాన్ని వస్త్రంలో చుట్టి భద్రపరచడం మా గురువుగారు నేర్పిన మొదటి పాఠం. అంతటి విద్యకు నెలవైన పెట్టె దుమ్ము కొట్టుకుపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాను? పాత తువ్వాలు కప్పడానికి మనసొప్పలేదు. అలమర తెరిచి, ఒక సభలో నాకు కప్పిన దుశ్శాలువను తీసి, వేలి కొనైనా తగలకుండా పైనుంచి మెల్లగా జారవిడిచాను. నలువైపులా చక్కగా సర్దుకుంది.

కాసేపటికి లోపలి ఫ్యాను హోరెత్తింది. సన్మానం పొందిన వారెవరికైనా కంఠం కొంత లేస్తుంది కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచే వైదేహి ముఖం వాడిపోయింది. నరేశ్ అని ఆమె జట్టులో ఒక అబ్బాయి, కార్వాన్‌లో ఉంటాడు. నెలల తరబడి కష్టపడి అతడు చేసిన మార్పు సరిగ్గా ఆ రోజే పరీక్షకు వచ్చిందట, గ్రాఫ్ దబ్బున పడిపోయిందట. సోమవారం మీటింగులో ఆ మార్పును తీసివేస్తారట, అతడిని జట్టులో ఉంచడమూ అనుమానమేనట. విని నా గుండె కరిగింది. ఆ పిల్లవాడికి మేలు జరగాలని సంకల్పం చెప్పుకుని, ఆదివారం ఉదయం పెట్టెకు రెండవ దుశ్శాలువ కప్పాను. ఇది పట్టుది, జరీ అంచుది.

మధ్యాహ్నానికి గ్రాఫ్ ఇంకొక మెట్టు దిగింది.

సాయంత్రం నరేశ్ ఇంటికే వచ్చాడు. చేతిలో ఉస్మానియా బిస్కట్ల పొట్లం, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, నా లాప్‌టాప్ల మస్తు ఉరుకుతున్నది. ఈడికొచ్చి కుంటుతున్నదేంది?"

"గ్రాఫ్ నేను గీసింది కాదు కదా, నరేశ్. శుక్రవారం ఒకసారి పడింది, ఇవాళ మళ్లీ పడింది."

"ఇయాల నేనేం పంపలే గదా? మరెట్ల పడ్డది?"

వైదేహి వెంటనే లాప్‌టాప్ ముందు కూర్చుంది. నరేశ్ చేయి పెట్టకముందున్న పాత కోడ్‌ను మళ్లీ పరీక్షకు పంపింది. మా ఆవిడ ఇచ్చిన టీ అతడి చేతిలో చల్లారిపోయింది. ఫలితం వచ్చింది. మొన్నటి దాకా పరుగెత్తిన ఆ పాత కోడ్ కూడా ఇప్పుడు కుంటుతోంది.

"అంటే రోగం నా కోడ్‌ది కాదక్కా, డబ్బాది" అంటూ నరేశ్ లేచాడు.

అతిథిని చూపించే భాగ్యం నాదే కనుక ముందు నడిచి తలుపు తెరిచాను. నరేశ్ గడప మీదే ఆగిపోయాడు.

"సార్, గిది కంప్యూటరేనా? ఎవరో పెద్దమనిషి కూసున్నట్టున్నది."

"పైన ఉన్నది పట్టుది, నాయనా. నీ కోసమే కప్పాను."

అతడు శాలువల కిందికి చేయి పోనిచ్చి చటుక్కున తీసేసుకున్నాడు. "ఇస్త్రీపెట్టె లెక్క కాలుతున్నది!"

"మామయ్యగారూ, ముట్టుకోవద్దని చెప్పాను కదండీ?"

"ముట్టుకుంటే అడుగమ్మా. పైనుంచి జారవిడిచాను."

వైదేహి నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ఆ యంత్రం అడుగు నెమ్మది చేసుకుంటుందట. పాపం, నేను కప్పిన గౌరవాన్ని అది ఇన్నాళ్లూ ఆయాసపడుతూ మోసింది. శాలువలు తీసి, చల్లారనిచ్చి, రెండు కోడ్‌లనూ మళ్లీ పరీక్షించారు. నరేశ్ చేసిన మార్పు పాతదానికంటే చురుకుగా పరుగెత్తింది. అతడు గోడకు చేరగిలబడి, "మస్తు పరేషాన్ చేసిండ్రు సార్" అని పెద్దగా నిట్టూర్చి, మొదటి బిస్కట్ నాకే ఇచ్చాడు.

నా మర్యాద దక్కించుకోవాలి కదా, నేనూ ఒక మాటన్నాను. "శాలువ కప్పితే వేగం తగ్గుతుందని నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "తెలియకపోవడమేమిటండీ? రోజూ తెల్లవారకముందే లేచి ఒక కావ్యానికి వ్యాఖ్యానం రాసేవారు. మొదటి శాలువ కప్పించుకుని ఇంటికొచ్చారు, మూడో ఆశ్వాసంలో ఆగారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు."

కోడలు నేల చూపులు చూసింది. నరేశ్ మాత్రం శాస్త్రీయ జిజ్ఞాసతో అడిగాడు. "సార్‌వి మొత్తం ఎన్ని శాలువలున్నయమ్మా?"

మా ఆవిడ అలమర తలుపు తీసింది. అతడు కాసేపు లోపలికి చూసి, "సార్, మీకు గూడ అన్ని తీసి టెస్టు పెట్టాలె" అన్నాడు.

ఆలోచించి చెబుతానన్నాను. వచ్చే ఆదివారం ఇంకొక సభ ఉంది; వస్తానని వారికి ముందే మాట ఇచ్చేశాను.