ఏ మందు? ఎక్కడ కొట్టిండు?

మా పెద్ద సిస్టర్ పోయిందన్న కబురు నాకు భూపాలపల్లిలో వార్డు రౌండు మధ్యలో తెలిసింది. జనగామ దవాఖానలో మాతో పనిచేసిన ఆయమ్మ ఫోన్ చేసి, "పొద్దుగాల నమాజు చేసి కూసున్నదట, గట్లనే ఒరిగిందట" అని ఏడ్చింది. సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను. మహబూబాబాద్‌లో ఆమె ఇంటికి చేరేసరికి మట్టి ఇచ్చి అందరూ తిరిగొచ్చారు. వాకిట్లో కూర్చోలేక, లేచి వెళ్లలేక, చెప్పులు వేసుకుంటూ విప్పుతూ గంటసేపు గడిపాను.

నాలుగు రోజులకు అక్కడే సంతాప సభ పెట్టారు. మైకులో ఒకాయన ఆమెను దేవత అన్నాడు, ఇంకొకాయన త్యాగమూర్తి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె వినుంటే "మైకు బంజెయ్ బేటా, పేషెంట్లు పండుకున్నరు" అనేది. నన్ను కూడా మాట్లాడమని పిలిచారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. గొంతు బాగానే ఉంది. చెప్పాల్సిన మాటే పన్నెండేళ్లుగా అందులో ఇరుక్కుని ఉంది.

జనగామ దవాఖానలో ఆమె అత్యవసర వార్డుకు హెడ్. హెడ్ సిస్టర్‌కని ఇచ్చిన కుర్చీలో ఆమె కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అది వరండాలోనే ఉండేది, అందులో ఏ పేషెంటు తల్లో పెళ్లామో కూర్చుని ఉండేది. "కుర్చీ ఖాళీగుంటే దుమ్ము వడ్తది" అనేది. రౌండుకు వస్తే కేస్ షీటు కంటే ముందు పేషెంటు పాదాలు పట్టుకుని చూసేది. చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా, అదే మొదటి రిపోర్టు ఆమెకు. కోపమూ తక్కువేం కాదు. దుప్పటి మడత వంకరగా ఉంటే పరిచినదంతా పీకేసి మళ్లీ పరిపించేది. చాటుగా ఆమెను చాలాసార్లు తిట్టుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు అది. పత్తి చేలకు పురుగు పట్టిన రోజులు. ఓ మధ్యాహ్నం దేవరుప్పుల నుంచి ఒకామె మొగుణ్ని ఆటోలో తెచ్చింది. మనిషి తూలుతున్నాడు, నోటి వెంట చొంగ కారుతోంది. ఏమైందని దూరం నుంచే అడిగాను.

"మందు కొట్టి వచ్చిండమ్మా. ఇంటికి రాంగనే పడ్డడు."

నేను టౌన్లో పెరిగిన పిల్లను. మా గల్లీలో మందు కొట్టడమంటే సీసా ఎత్తడమే. "పగటీలి మందు కొడితే పడకేం జేస్తడు? గా బల్ల మీద పండవెట్టు, దిగినంక లేస్తడు" అని కసిరాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను అప్పటికే ఇటు తిరిగాను.

అరగంట తర్వాత పెద్ద సిస్టర్ అటుగా వచ్చి, అలవాటుగా అతని పాదాలు పట్టుకుంది. చెమటతో తడిసిపోయి ఉన్నాయి. కనురెప్ప ఎత్తి చూసింది, చొక్కా వాసన చూసింది. ఆమె పరుగెత్తడం ఆ రోజే మొదటిసారి చూశాను. అతను కొట్టింది పత్తిచేనికి, పురుగుల మందు. డాక్టరు విరుగుడు సూది వేస్తుంటే, ఆమె అతని చొక్కా విప్పి ఒళ్లంతా సబ్బుతో కడిగింది. మూడు రోజులకు గానీ గండం గడవలేదు.

పెద్ద డాక్టరు వచ్చి డ్యూటీలో ఎవరున్నారని గద్దించారు. "వార్డు నాది సార్. ఏమైందో ముందు ఇనుండ్రి, ఎవలన్నది తర్వాత" అంది ఆమె. జరిగింది జరిగినట్టు నా చేతే రాయించి, కింద తను సంతకం పెట్టింది. మర్నాడు చీటీలు రాసే బల్ల పైన గోడకు ఒక అట్ట అంటించింది. 'ఏ మందు? ఎక్కడ కొట్టిండు?' అని పెద్ద అక్షరాలు. నెల రోజులు నన్ను అక్కడే నిలబెట్టి, వచ్చిన ప్రతి మనిషినీ ఆ ప్రశ్న అడిగించింది. కాలు బెణికి వచ్చిన ఓ ముసలమ్మ, "నేను కల్లు సుత ముట్ట, నన్ను గిట్ల అడుగుతవా" అని నన్ను దులిపేసింది.

"ఇంకొక్క పనున్నది బేటా" అంది పెద్ద సిస్టర్, అట్ట అంటించిన నాడే. "ఆయన పెండ్లానికి నువ్వే చెప్పాలె. ఆమె మంచిగనే చెప్పింది, మనం ఇనలే అని."

అతన్ని ఇంటికి పంపే రోజు ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "సల్లగుండు బిడ్డా" అంది. నాకు నోరు రాలేదు. తిరిగొచ్చి, చెప్పానని అబద్ధమాడాను. పెద్ద సిస్టర్ నా మొహంలోకి చూసి, "మంచిది" అంది.

రిటైరయ్యాక కూడా ఆమె ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ దేవరుప్పులామె కనవడ్డదా?" అని అడిగేది. పాత పేషెంట్ల మీద ప్రేమ అనుకుని మాట మార్చేదాన్ని. ఇప్పుడు భూపాలపల్లిలో నేనే హెడ్‌ని. పొరపాటు దాచొద్దని కొత్త నర్సులకు రోజూ చెప్తాను. చెప్పిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సభ సగంలో లేచి, బస్సులు మారి దేవరుప్పుల వెళ్లాను. మందు కొట్టి చావు తప్పించుకున్న మనిషి ఇల్లెక్కడని అడుగుతూ పోతే చూపించారు. అతను చేనుకు పోయాడు. ఆమె వాకిట్లో పత్తిలో చెత్త ఏరుతోంది. నేనెవరో చెప్పాను. కూర్చుంటే మళ్లీ నోరు రాదని భయమేసి, నిలబడే చెప్పేశాను. "ఆ దినం నువ్వు మంచిగనే చెప్పినవు. నేనే ఇనలే. తాగిండనుకొని అరగంట బల్ల మీద ఇడిసిపెట్టిన."

ఆమె చేతిలోని పత్తి కింద పెట్టింది.

"నాకెర్కే" అంది. "పెద్ద సిస్టర్ గప్పుడే మా ఇంటికొచ్చి చెప్పింది. నాకు మస్తు కోపమొచ్చింది, ఆమె పేరేందని అడిగిన. చెప్పలే. ఆమెనే వచ్చి చెప్తది, జర ఆలస్యమైతది గానీ వస్తది అన్నది. ఏడాదికోపారి ఫోన్ జేసి వచ్చిందా అని అడిగేది."

లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చింది. కొంగుతో తుడిచి నా ముందు వేసింది.

"కూసో బిడ్డా. ఈ యేడు ఇంక ఫోన్ రాలే. మంచిగున్నదా ఆమె?"

ఈ రెండో మాట ఎలా చెప్పాలో తెలియక, ఆ ఖాళీ కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.