మా అపార్ట్‌మెంట్‌లో ఐర్లండ్ ఎలక్షన్

ఇందులో ప్రతి అక్షరం నిజమని కృష్ణమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. భవానీపురం మూడో అంతస్తులో నా బతుకు ఎలా మునిగిపోయిందో వినండి. మునగడానికి నీళ్ళు కూడా లేవు, అది వేరే బాధ.

పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒకాయన దగ్గర 'ఈ ఏడాది ప్రపంచం' అనే భాగం రాసేది నేనే. పోయినేడు నా వంతుకు ఐర్లండ్ వచ్చింది. అక్కడి రాజకీయాలు, ఆటలు, పెద్దమనుషుల తగాదాలు చదివి చదివి సగం ఐరిష్ వాణ్ణయిపోయాను. అక్కడ ప్రధానిని టీషక్ అంటారని పాలాయనకి చెప్పాను. కర్రలతో బంతిని గాల్లోనే బాదే హర్లింగ్ ఆట గురించి లిఫ్టులో నాతో ఇరుక్కున్న పెద్దావిడకి చెప్పాను. లిఫ్టు బాగయ్యాక కూడా ఆవిడ మెట్లెక్కే వెళుతోంది.

సరిగ్గా అప్పుడే మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ ఎన్నిక వచ్చిపడింది. పదేళ్ళుగా ఆ బరువు మోస్తున్నది బట్టల షాపు కరీం భాయ్. మా బోరు మోటారు ఆయన గొంతు వింటే తప్ప తిరగదు. ఈసారి రిటైరైన ఇంజనీరు సుబ్బారావు గారు పోటీకి దిగారు. ఆయన మోటారు గురించి గంటసేపు మాట్లాడగలరు, తిప్పలేరు.

"ఈసారి కష్టమేమో మాస్టారూ," అంటూ భాయ్ దిగులుగా మా ఇంటికొచ్చారు.

"ఐర్లండ్ పద్ధతి పెడదాం భాయ్," అన్నాను.

అక్కడ ఒక్కరికే ఓటేసి ఊరుకోరండీ. చీటీలో ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారు. అందరికంటే వెనకబడ్డవాణ్ణి తీసేసి, వాడి చీటీలు రెండో అంకె ఉన్నవాళ్ళకి మారుస్తారు. నేనూ నిలబడతాను, ముందే ఓడిపోతాను, నాకు పడ్డ నాలుగు చీటీలూ భాయ్‌కి చేరతాయి. ఇదీ నా పథకం. నా సొంత ఓటు మాత్రం నేరుగా భాయ్‌కే వేశాను.

"ఎదుటి ఫ్లాటాయన్ని పట్టుకుని మీరు రెండోవారు అని మనవాళ్ళు రాయగలరా అండీ?" అని మా ఆవిడ అడిగింది. నేను వినలేదు.

భాయ్, సుబ్బారావు గారూ ముప్పై రెండు ఫ్లాట్లూ తిరిగి, ప్రతి ఇంట్లోనూ టీ తాగారు. ప్రతి ఇంట్లోనూ ఇద్దరికీ "మీకు కాక ఇంకెవరికండీ" అన్నారు. తీరా అంకెలు వెయ్యాల్సి వచ్చేసరికి ఎవరికీ చెయ్యాడలేదు. రేపు లిఫ్టులో మొహం ఎలా చూపిస్తారు?

ఆదివారం పొద్దున సెల్లార్లో చీటీలు విప్పాం, ఫ్లాటుకొకటి. మొదటి దాంట్లో నాకు ఒకటి, వాళ్ళిద్దరికీ చెరో రెండు. తర్వాతదీ అంతే. పదో చీటీకి నాకు చెమటలు పట్టాయి. భాయ్‌కి ఆయన వేసుకున్నదొక్కటి, సుబ్బారావు గారికి ఆయన వేసుకున్నదొక్కటి, తక్కిన ముప్పై నావి. రెండో లెక్కింపు దాకా పోనేలేదు.

పైగా ఎవరికీ కోపం లేదు. ఇద్దర్నీ సమానంగా చూశామని జనం మురిసిపోయారు. సుబ్బారావు గారు నాకు శాలువా కప్పారు.

సోమవారం మోటారు కాలిపోయింది. బెల్లు మోగితే తలుపు తీశాను. ఎదురుగా కరీం భాయ్, చేతిలో ఖాళీ బకెట్. పదేళ్ళపాటు ఆయన గుమ్మం ముందు అలా నిలబడింది నేను.

"ప్రెసిడెంట్ గారూ," అన్నారు ఎంతో మర్యాదగా, "నీళ్ళు రావట్లేదండీ."

అందుకే ఎండిన కుళాయి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశం గురించి చదివినా దాన్ని మా గేటు లోపలికి రానివ్వను. ఈ ఏడాది స్విట్జర్లాండ్ ఇచ్చారు, నోరు కుట్టేసుకున్నాను.

ఇక, ఒట్టు వేశాను కానీ కల్పించింది ఒక్క ముక్క ఉంది. లెక్క చూసుకున్నవాళ్ళకి ఈపాటికి దొరికిపోయే ఉంటాను. నా ఓటు భాయ్‌కి వేశానన్నాను కదా. ఏం చెయ్యను, సుబ్బారావు గారు మా ఇంట్లో కూడా టీ తాగి వెళ్ళారండీ.