ఉల్టా బనీను, ఇంట్లో చేసిన రంపం మిషను

మొన్న మా ఇంటికి కొత్త చెక్క బీరువా వచ్చింది. వచ్చిందంటే నిలువెత్తున దిగిందనుకునేరు, నాలుగు అట్టపెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. ఇద్దరు కుర్రవాళ్ళు చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒకరితో ఒకరు మాటైనా ఆడకుండా ముప్పావుగంటలో మరలు బిగించి నిలబెట్టేశారు. నేను పక్కనే కుర్చీ వేసుకుని, రంపం ఎప్పుడు తీస్తారా అని చూస్తూ కూర్చున్నాను. తీయలేదు. ఉండబట్టలేక అడిగితే, "అంత కంపెనీలనే కోసి పంపుతరు అంకుల్" అన్నాడొకడు, ఈ ముసలాయనకు చాదస్తం పట్టిందన్నట్టు జాలిగా చూస్తూ. ఒరే నాయనా, మేము చెక్క కోయడం కాదు, చెక్కను కోసే మిషన్నే ఇంట్లో చేసుకున్నవాళ్ళం అని చెప్పాలనిపించింది. చెబితే వింటాడా? చెవుల్లో తీగలాయె. అందుకే మీతో చెప్పుకుంటున్నాను. మీరు నా ఈడువాళ్ళు, వినకపోయినా విన్నట్టు తలైనా ఆడిస్తారు.

ఎనభైల నడిమి మాట. అప్పట్లో సిటీ బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో సగానికి పైగా ఖాళీ అయ్యేది. ఎల్బీనగర్ చౌరస్తా వచ్చేసరికి డ్రైవరూ, కండక్టరూ, నేనూ, ఎవరిదో ఒక సిమెంటు బస్తా మిగిలేవాళ్ళం. ఆ చౌరస్తా వెనకాల రెండు రేకుల గదుల్లో అన్న, వదిన, నేను కిరాయికి ఉండేవాళ్ళం. మాది నల్లగొండ దగ్గర పల్లె, తాతల నాటి నుంచి వడ్రంగం. నేను మాత్రం ఐటీఐ చదివి బస్సు డిపోలో ఫిట్టరుగా చేరాను కనుక, ఇంట్లో ఇనుము గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనన్న పొగరు నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది. ఇక అన్న సంగతి చెప్పాలంటే, ఆ రోజుల్లో ఆయనకు తిండి తినే తీరిక ఉండేది కాదు. చుట్టూ ఎటు చూసినా పాతిన రాళ్ళు, ప్లాట్లు, లేస్తున్న గోడలు. గోడలు లేచిన ఇళ్ళన్నీ తలుపుల్లేక గోనెపట్టాలు కట్టుకుని వడ్రంగి కోసం ఎదురుచూస్తుండేవి. తలుపు బిగించడంలో అన్నకు పేరు. ఆయన బిగించిన తలుపు వానాకాలంలో ఉబ్బేది కాదు, ఎండాకాలంలో సందు ఇచ్చేది కాదు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం, కిటికీల కొలతలు తీసుకోవడానికి ఎవరి స్లాబు మీదికో ఎక్కి, అంచున వదులుగా ఉన్న చెక్క మీద కాలేసి కిందపడ్డాడు. ప్రాణానికి ఏమీ కాలేదు గాని కుడి భుజం పోయింది. దవాఖానలో అతికించారు, అతికింది కూడా, కాని ఆ చెయ్యి చెవి దాకా లేచేది కాదు. ఇక జన్మలో రంపం పట్టొద్దని డాక్టరు చెప్పాడు. వడ్రంగితో రంపం పట్టొద్దనడమంటే ఏమిటో ఆ డాక్టరుకు తెలుసో లేదో. పొద్దున్నే వదిన ఎదురుగా కూర్చుని ఆయన తల దువ్వేది, ఆయన ఆ కాసేపూ కళ్ళు మూసుకుని ఉండేవాడు, సిగ్గుతోనో బాధతోనో నేను ఎన్నడూ అడగలేదు. పది రోజులు చూసి ఒకనాడు అన్నం ముందు కూర్చుని, ఊళ్ళో చెలక ఉంది కదా, పోయి అదే చూసుకుంటానన్నాడు. ఆ చెలకలో ఏం పండుతుందో మా అందరికీ తెలుసు, రాళ్ళు. వదిన పళ్ళెం ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మా ఎదురుగా ఇల్లు కట్టుకుంటున్నాయన ఓవర్సీరుగా రిటైరైన పెద్దమనిషి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. ఆయన ఇంటికి దర్వాజ, అంటే గుమ్మం చట్రం, నిలబెట్టింది అన్నే. తలుపులూ కిటికీలూ చేయాల్సి ఉండగానే ఈ ఆపద వచ్చింది. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టుకున్నారు. వేరే మనిషిని చూసుకోండి సారూ అని అన్న కబురు పెడితే, ఆయన స్వయంగా వచ్చి, "అదేం మాటండీ మేస్త్రీగారూ, మీ చెయ్యి బాగయ్యాకే చేద్దురుగాని" అన్నాడు. మంచికే అన్నాడు. చెయ్యి బాగుపడదని ఆయనకు తెలియదు. అన్నకు తెలుసు. ఆ మంచిమాట అన్నను పడ్డ దెబ్బకంటే ఎక్కువ బాధపెట్టిందని నా నమ్మకం.

నాకు ఆలోచన తట్టింది ఒక సామిల్లు ముందు. డిపో పని మీద అటు వెళ్ళి, బీడీ కాలుస్తూ నిలబడి చూస్తున్నాను. పెద్ద పెద్ద చక్రాల మీద రంపపు పట్టీ గిర్రున తిరుగుతోంది, ఒక బక్కపలచని మనిషి టేకు పలకను నడుముతో నెట్టుకుంటూ పోతున్నాడు. చేత్తో కోయడం లేదు, ఉత్తగా నెడుతున్నాడంతే! నెట్టడానికి భుజం ఎందుకు, ఎడమచెయ్యి చాలదూ? బీడీ పారేసి తిన్నగా ఇంటికొచ్చి, అలాంటి మిషను చిన్నది మన వెనక రేకుల కింద చేస్తానని ప్రకటించాను. అన్న నవ్వాడు. పడ్డాక ఆయన నవ్వడం అదే మొదటిసారి కనుక, ఎగతాళి నవ్వైనా నాకు సంతోషమే వేసింది. "చెక్కను చేత్తోని కొయ్యాలె రా. మిషన్ కోస్తే అది కట్టె" అని ఆ సంభాషణ ముగించాడు.

ఓవర్సీరుగారు మాత్రం చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేసినంత పని చేశారు. రిటైరయ్యాక ఆయనకు కాగితం మీద గీతలు గీసే అవకాశం దొరకడం లేదు పాపం. స్కేలు పెట్టి బొమ్మ గీశారు. ఆ బొమ్మలో కొలతలన్నీ వంతెనకు సరిపోయేలా ఉన్నాయి. నేను పిండి గిర్నీలో తీసేసిన మోటరొకటి సంపాదించాను, పాత ఇనుప సామాను కొట్లో బేరింగులు ఏరుకొచ్చాను. చక్రాలు ఇనుముతో చేయించే స్తోమత లేదు కనుక పలకల్ని అడ్డంగా నిలువుగా జిగురుతో అంటించి చెక్కచక్రాలే చేశాను. వాటి చుట్టూ సైకిలు ట్యూబు తొడిగాను. పట్టీ జారిపోకుండా చక్రం అంచు నడుమ కాస్త ఉబ్బుగా ఉండాలని, బస్సు ఇంజన్ల బెల్టులు చూసిన అనుభవంతో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన చెయ్యి తిరుగుతుందా? నా చక్రాలు తిరుగుతుంటే కల్లు తాగినవాడి నడకలా ఉండేది.

ఇక్కడే మా వదిన తెలివి చూడండి. అన్న వినేటట్టుగా, వాకిట్లో నిలబడి, "మా మర్ది చేసిన చక్రం సూడుండ్రి, వడ్లోళ్ళ ఇంట్ల పుట్టినోడు, పరువు తీసిండు" అని వచ్చే పోయేవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టింది. రెండు రోజులు ఓర్చుకున్నాడు మా అన్న. మూడోరోజు నేను డిపో నుంచి వచ్చేసరికి, ట్యూబు తీసేసి, చక్రాన్ని మెల్లగా తిప్పమని వదినకు పురమాయించి, స్టూలు మీద కూర్చుని, ఎడమచేత ఉలి పట్టి చెక్కుతున్నాడు. ఎడమచేత్తో ఆయన ఉలి పట్టగలడని ఆయనకే తెలియదు. చక్రం అంచు నునుపుగా, నడుమ నేను చెప్పినంతే ఉబ్బుతో తయారైంది. నన్ను చూసి, మిషను కోసం కాదు, వంకర పని చూడలేక అన్నాడు. సరేలే అన్నాను.

మొత్తానికి ఒక ఆదివారం పొద్దున మిషన్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. సామిల్లులో అతుకు వేయించి తెచ్చిన సన్నని పట్టీ ఎక్కించి స్విచ్చు వేయగానే గదిలో బల్బు మినుకుమంది, రేకులు దడదడలాడాయి, పట్టీ తిరిగింది. నేను వీరుడిలా పలక నెట్టాను. కీచుమని అరిచి, పొగ వచ్చి, పలక మీద నల్లటి వాత పడింది తప్ప తెగలేదు. "పన్ను ఉల్టా ఉన్నది రా, ఉల్టా చెయ్" అని అన్న బయటికి వెళ్ళిపోయాడు, అంతకంటే చూడలేక.

ఉల్టా! ఆ ఒక్క మాట మా పొద్దంతా తినేసింది. నేను ఫిట్టర్ని కదా, ఉల్టా అంటే మోటరు ఉల్టా తిప్పడమే అనుకుని తీగలు మార్చాను. ఈసారి పట్టీ కింది నుంచి పైకి పరుగెత్తి, పలకను కోసింది గాని కోస్తూ కోస్తూ ఎత్తి రేకులకేసి కొట్టింది. రేకు సొట్టపోయింది, ఓవర్సీరుగారు తలుపు చాటుకు దూకారు. అక్కణ్ణుంచే, ఉల్టా అంటే తలకిందులు కదయ్యా, పట్టీని తలకిందులు చేసి ఎక్కించమన్నారు. చేశాను. పళ్ళు కిందికి చూశాయి గాని, మొహం గోడవైపు తిప్పుకున్నాయి. అయితే మళ్ళీ తిప్పమన్నారు. తిప్పితే మొదటికే వచ్చింది. నావైపు ఉంటే పైకి చూస్తాయి, కిందికి చూస్తే గోడవైపు పోతాయి! మధ్యాహ్నం దాకా ఇద్దరం ఆ పట్టీని అటు తిప్పి ఇటు తిప్పి, ఆయన నన్నూ నేనాయన్నీ లోలోపల తిట్టుకుంటూ, చివరికి ఇద్దరం కలిసి సామిల్లు వాళ్ళను తిట్టుకున్నాం. బ్లేడే ఉల్టాది అంటగట్టారు, ఇవాళ వాళ్ళో నేనో తేలిపోవాలని సైకిలు తీశాను.

అరుగు మీద కూర్చున్న అన్న తలెత్తకుండానే అన్నాడు. "ఇడిసిపెట్టు రా. ఎవల మీదికి పోవద్దు. రేపు బస్సుకు ఊరికి పోతం."

చక్రం చెక్కిన నాలుగు రోజులుగా ఆయన ఊరి మాట ఎత్తలేదు. అది మళ్ళీ వచ్చింది, అదీ నా మిషను వల్లే. ఆశ పెట్టి లాగేసినవాణ్ణయ్యానే అని నామీద నాకే అసహ్యం వేసింది. సైకిలు హ్యాండిలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

అప్పుడు వదిన లోపల్నుంచి వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసింది. "కొట్లాటకు పోతే పో మర్దీ, బనీను సీదా తొడుక్కొని పో. పొద్దుగాల్నుంచి ఉల్టా తొడుక్కొని తిరుగుతున్నవ్" అంది.

చిరాగ్గా బనీను విప్పాను. చెయ్యి లోపల పెట్టి లాగాను, లోపలిది బయటికొచ్చింది. అలాగే నిలబడిపోయాను. తలకిందులు చేయలేదు, వెనకది ముందుకు తేలేదు, లోపలిది బయటికి తీశానంతే. బనీను చేత పట్టుకుని, ఒంటి మీద గుడ్డ లేకుండా రేకుల కిందికి పరుగెత్తాను. వెనకాల ఓవర్సీరుగారు, ఏమైందయ్యా అంటూ. ఇద్దరం చెరోవైపు పట్టుకుని పట్టీని మెలిపెట్టాం. అది పాములా ఎగిరి నా ముంజేతిని గీరింది, పోతే పోయిందిలే, లోపలి వైపు బయటికి వచ్చింది. ఎక్కించి చూస్తే పళ్ళన్నీ బుద్ధిగా నావైపే ఉన్నాయి, కిందికే చూస్తున్నాయి. మోటరు తీగలు మళ్ళీ మొదట్లోలా కలిపాను.

వదిన వెళ్ళి అన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నువ్వే నెట్టు అన్నాడు. నేను నెట్టనన్నాను. ఓవర్సీరుగారి కిటికీకని ఎప్పుడో గీత గీసి పక్కన పెట్టిన టేకు పలక తెచ్చి మిషను బల్ల మీద పెట్టాను. అన్న ఎడమచెయ్యి దాని మీద ఆనించాడు, కుడిచెయ్యి ఊరికే పక్కన ఆసరాగా ఉంచాడు. స్విచ్చు వేశాను. రంపం గీత మీదే పోయింది, వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. టేకు వాసన గదంతా నిండింది. పలక రెండై, మిషను ఆగాక, ఆయన ఆ కోత మీద బొటనవేలితో రాస్తూ చాలాసేపు నిలబడి, ఇంకో పలక తెమ్మన్నాడు. అన్నది అంతే. ఆ ముక్క చాలు, నాకు ఏడుపొచ్చింది. మీ దగ్గర దాపరికమెందుకు, గట్టిగానే ఏడ్చాను. ఓవర్సీరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కంట్లో రంపపు పొట్టు పడిందన్నారు. వదిన మాత్రం, ముందు బనీను తొడుక్కోమంది.

శ్రావణానికి తలుపులూ కిటికీలూ అందాయి. గృహప్రవేశానికి వచ్చిన ప్రతివాడికీ ఓవర్సీరుగారు ఆ మిషను డిజైను తనదేనని చెప్పుకున్నారు, నేను కాదనలేదు. ఆ తర్వాత కాలనీలో అందరికీ వంపుల పిచ్చి పట్టింది. ఆ మిషను మీద వంకరగీతలు కూడా సునాయాసంగా తెగుతాయి కదా, ప్రతివాడికీ కిటికీ మీద కమాను కావాలి, పూజగది తలుపుకు తామరరేకులు కావాలి. మేము స్విచ్చు వేస్తే పక్కింటి ఫ్యాను నెమ్మదించేది. వాళ్ళు తిట్టుకుంటూనే తమ మంచానికి కోళ్ళు చేయించుకున్నారు. అన్న ఊరి మాట మళ్ళీ ఎత్తలేదు. రెండు చక్రాలు అరిగిపోతే రెండుసార్లు కొత్తవి చేసుకున్నాడు, పాతికేళ్ళు దాని మీదే బతికాడు.

ఇప్పుడు ఆ రేకుల గదులూ లేవు, ఎదుటి ఇల్లూ లేదు, రెండూ కలిసి అయిదంతస్తులయ్యాయి. అందుకు నాకు పెద్ద బెంగేమీ లేదు, ఇళ్ళన్నాక పాతబడతాయి. నాకు వెలితిగా ఉండేది మరొకటి. ఈమధ్య నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, మా వాటా మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. ఆ సంగతి అందరికీ తెలిసినప్పటి నుంచి ఫోన్లే ఫోన్లు. అబ్బాయి డాక్టరు నంబరు పంపాడు, చెల్లెలు ఏదో నూనె పేరు చెప్పింది, స్నేహితులు చేతులు జోడించిన బొమ్మలు పంపారు. అందరూ మంచివాళ్ళే, అందరూ జాగ్రత్త అన్నవాళ్ళే. కాలం అలాంటిది, ఒకరి భుజం కోసం మరొకరు నెల రోజులు పొట్టులో పొర్లాడే తీరిక ఇప్పుడెవరికుంది, నాకు మాత్రం ఉందా?

నిన్న బడంగ్‌పేట నుంచి అన్న ఫోన్ చేశాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు, చెవులు సరిగా వినబడవు, అరిచి చెప్పాలి. జాగ్రత్త అనలేదు. మెట్లెన్ని అని అడిగాడు. ఒక్కో మెట్టు ఎంత ఎత్తు, గోడ ఏ పక్కనుంది, ఏ మోకాలు ఎక్కువ సతాయిస్తుంది అని అడిగాడు. అన్నీ అరిచి చెప్పాను.

"రేపొస్తా, కొలుసుకుంట" అన్నాడు. "ఏదో ఒకటి చేద్దాం తియ్."