డాల్ఫిన్ల చుట్టూ పడవలు

1983లో నన్ను బెంగళూరులోని ఒక పర్యాటక కార్యాలయంలో సహాయ అధికారిగా వేశారు. ఆ ఊళ్లోనే బళేపేటలో పుట్టి పెరిగిన నాకు సముద్రంతో పరిచయం లేదు. అప్పగించిన పని మాత్రం కారవార తీరంలో డాల్ఫిన్లను చూపించే పడవ యాత్ర. ప్రయాణికులు బెంగళూరులో బస్సెక్కి, మర్నాడు పొద్దున్నే అక్కడ పడవెక్కాలి.

కొన్నాళ్లు తీరంలోనే ఉండి, జాలర్లతో మాట్లాడి నియమాలు రాశాను. ఒక డాల్ఫిన్ల గుంపు దగ్గర రెండు పడవలకు మించకూడదు. దూరంలోనే ఇంజను ఆపాలి. అవి దగ్గరికొస్తే చూడాలి గాని వెంటపడకూడదు. పిల్లలున్న గుంపు కనబడితే వెనక్కి తిరగాలి. వీటికి మొదట ఒప్పుకున్నవాడు గణపతి అనే పడవ యజమాని. అతన్ని చూసి మిగతావాళ్లూ ఒప్పుకున్నారు.

మొదటి ఏడాది బాగానే సాగింది. రెండో ఏడు బస్సులు పెరిగాయి. యాత్ర గుత్తేదారులు ‘డాల్ఫిన్ కనబడటం ఖాయం’ అని బోర్డులు పెట్టారు. దగ్గరికి తీసుకుపోయే పడవలకే జనం ఎగబడ్డారు. గణపతి పడవ సగం ఖాళీగా పోయేది. నియమం తప్పిన పడవను ఆపే అధికారం నాకు లేదు. బెంగళూరుకు నివేదిక పంపడం వరకే నా పని.

తనిఖీకి వెళ్లిన ఒక ఉదయం నేను గణపతి పడవలోనే ఉన్నాను. ఎదురుగా ఒక తల్లి, పిల్ల కనబడ్డాయి. గణపతి ఇంజను ఆపాడు. మూడు పడవలు మమ్మల్ని దాటిపోయి వాటిని చుట్టుముట్టాయి. ఒకదాని ఇంజను పంకా రెక్క పిల్లకు తగిలింది. తల్లి దాన్ని మూతితో నీటిపైకి ఎత్తింది. అది జారి మునిగింది. మళ్లీ ఎత్తింది. ఆడుకుంటున్నాయనుకొని ఆ పడవల్లోని జనం చప్పట్లు కొట్టారు.

మా పడవలో ఒకావిడ, “ఇంకొంచెం దగ్గరికి పోనీ అన్నా, పిల్లోనికి సరిగ్గా కనపడలే” అంది.

“అది చచ్చిపోయిందమ్మా” అన్నాను.

ఆమె కొడుకు ముఖాన్ని కొంగుతో కప్పేసింది. గణపతి పడవ తిప్పాడు.

బెంగళూరు చేరగానే పై అధికారి నారాయణప్పగారిని కలిసి, యాత్ర ఆపించమని అడిగాను. ఆయన బెంగళూరు శివారు కె.ఆర్.పురం మనిషి, చెడ్డవారు కారు. అంతా విని కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

“నువ్వు చెప్పేది నిజమే ఉండాదప్పా. సీజను బుకింగులన్నీ అయిపోయినాయి. ఇప్పుడు నిలిపితే పైనోళ్లకు నేనేం చెప్పేది?”

“పడవలన్నా తగ్గిద్దాం సార్.”

“ఏ పడవోన్ని వద్దంటావప్పా? అందరికీ పెండ్లాం బిడ్డలు ఉండారు.”



పడవలు తగ్గలేదు. ఆ సీజను ముగిసేలోగా గణపతి కూడా నియమాలు వదిలేశాడు. అడిగితే, ఇల్లు గడవాలి కదా సార్ అని కన్నడంలో చెప్పి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. మరి రెండేళ్లకు డాల్ఫిన్లు ఆ తీరం ఛాయలకే రావడం మానేశాయి. యాత్రను ఇంకో తీరానికి మార్చారు. ఈసారి నియమాలు రాయమని ఎవరూ అడగలేదు.

ఆ ఉద్యోగంలో నేను తెలుసుకున్నది ఇది: ఎన్ని పడవలు పోవచ్చో మొదటి బస్సు కదలకముందే తేల్చాలి, మీరినవాణ్ని అక్కడికక్కడే ఆపే అధికారం తీరంలో ఒకరికి ఉండాలి. జనం రావడం మొదలయ్యాక తగ్గించడం ఎవరివల్లా కాదు. మావల్ల కాలేదు.