సెకండ్ మేట్ రాఘవులు గారి వాంగ్మూలం

ఆష్‌బర్న్ నుంచి సముద్రానికి కారులో మూడు గంటలు పైనే పడుతుంది. ఈ ఊళ్ళో ఆ దూరం తెలిసిన తెలుగువాడు రాఘవులు గారొక్కరే అనుకుంటాను. మిగతావాళ్ళకి ఎయిర్‌పోర్టు ఎంత దూరమో తెలుసు, ఏ స్కూలుకి ఎంత రేటింగో తెలుసు, పక్క వీధిలో ఇల్లు ఎంతకి అమ్ముడుపోయిందో డాలర్లతో సహా తెలుసు.

నేను వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుంటాను. పైన ఆయన, ఆయన భార్య అనురాధ గారు. ఆవిడ హెచ్‌వన్ మీద ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఆయనది డిపెండెంట్ వీసా. ఆ వీసా మీద ఆయన వంట చేయొచ్చు, కారు నడపొచ్చు, ఎదురు చూడొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. ఆవిడ గ్రీన్‌కార్డు కాగితాలు ఒక మెట్టు దాటితే ఈయనకి వర్క్ పర్మిట్ వస్తుంది. కంపెనీ ఆ కాగితాలు ఇంకా మొదలే పెట్టలేదు. అలా నాలుగేళ్ళు.

రాఘవులు గారిది కాకినాడ జగన్నాథపురం. పద్నాలుగేళ్ళు సరుకు ఓడల మీద పనిచేసి సెకండ్ మేట్, అంటే కెప్టెన్ నుంచి లెక్కేస్తే మూడో అధికారి, అయ్యారు. నలభై మూడేళ్ళ మనిషి. నడిచేటప్పుడు ఇప్పటికీ కాళ్ళు కాస్త ఎడంగా వేస్తారు, కింద నేల కదిలినా పడిపోకుండా. ఆష్‌బర్న్‌లో నేల కదలదు. కిటికీల్లేని డేటా సెంటర్లు దాని మీద కదలకుండా కూర్చుని రోజంతా ఒకటే రొద చేస్తాయి. మొదట్లో ఆ రొద విని, దూరంగా ఓడ ఇంజను నడుస్తున్నట్టుందని ఆయన సంతోషపడ్డారట. ఆ మాట చెప్పి సిగ్గుపడ్డారు.

దగ్గర్లోని షాంటిలీలో దివాకర్ అనే ఆయన ఇంట్లో ఒక శనివారం మధ్యాహ్నం భోజనాలకి వెళ్ళాం. దివాకర్‌కి అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది.

"మీరు ఎందులో చేస్తారండీ?"

"ఓడలో సెకండ్ మేట్‌నండీ."

"ఓ, క్రూజ్ షిప్పా?"

"కాదండీ. బియ్యం, బొగ్గు, ఎరువులు."

"మరిప్పుడు?"

"ఇప్పుడు బియ్యం ఒక్కటేనండీ. కుక్కర్‌లో."

అందరూ నవ్వారు. వాళ్ళకంటే ముందు తన మీద తానే జోకు వేసుకోవడం ఆయన నేర్చుకున్నారు. దివాకర్ అనురాధ గారి వైపు తిరిగి, "లక్కీ అండీ మీరు, ఇంట్లోనే కెప్టెన్‌ని పెట్టుకున్నారు," అన్నాడు. "కెప్టెన్ ఆవిడేనండీ," అన్నారు రాఘవులు గారు. "నాకు ప్రమోషన్ రాలేదు." ఆవిడ మాత్రం నవ్వలేదు.

పొద్దున్న అనురాధ గారు ఆఫీసుకి వెళ్ళాక ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచేవారు. ఇంగ్లండులో మూడు వందల యాభై ఏళ్ళనాటి ఒక నౌకా న్యాయస్థానం కాగితాలు అవి. పాత చేతిరాత పేజీల్ని ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఓపికున్నవాళ్ళు ఎవరైనా చదివి టైపు చేసిపెట్టొచ్చు. జీతం లేదు కాబట్టి వీసాకి అభ్యంతరం లేదు. ఆ రాత చూస్తే ఇంకులో పడిన చీమ కాగితం మీద పాకినట్టుంటుంది. మూడు నెలలు కుస్తీ పట్టి ఆయన చదవడం నేర్చుకున్నారు. పని లేని రోజుల్లో పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను.

నేను కాలేజీ మొహం సరిగా చూడలేదు. దొరికిన పుస్తకమల్లా చదివాను. వాటిలో రాజుల పేర్లు, కంపెనీల పేర్లు ఉంటాయి. ఈ కాగితాల్లో ఓడ వంటవాడి పేరు ఉంది, వాడి వయసు ఉంది, వాడు పుట్టిన ఊరు ఉంది. సరుకు తడిసిపోయిందని వ్యాపారి దావా వేస్తాడు. తుఫాను మా చేతిలో ఉందా అంటాడు ఓడ యజమాని. అప్పుడు ఓడలో పనిచేసినవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి వరుస నంబర్ల ప్రకారం ప్రశ్నలు వేస్తారు. మూడో ప్రశ్నకి తనకేమీ తెలియదన్నాడు ఒక సాక్షి. నాలుగోదానికి, కళ్ళారా చూశానన్నాడు. అన్నీ రాశాక గుమాస్తా చదివి వినిపిస్తాడు. కింద సాక్షి కలంతో తన సంతకమో గుర్తో పెడతాడు.

ఆ ప్రశ్నల్లో ఒకటి ప్రతి సాక్షికీ వేసేవారు. ఈ తగవులో ఎవరు గెలవాలని నీ కోరిక? జవాబు కూడా దాదాపు ఒకటే. న్యాయం ఎవరిదైతే వాళ్ళు గెలవాలి.

"అందరూ కూడబలుక్కుని చెప్పినట్టుంది," అన్నాను.

"ఓడ మీద అంతే తమ్ముడూ. ఏం రాయాలో రాసే ముందే తెలిసిపోతుంది," అన్నారాయన.

ఆ మాటెందుకన్నారో ఆగస్టులో తెలిసింది.

ముంబైలో ఓడలకి మనుషుల్ని కుదిర్చే ఏజెంటు ఉన్నాడు. ఆయన నుంచి మెయిల్ వచ్చింది. రాఘవులు గారు చివరిసారి చేసిన ప్రయాణం మీద లండన్‌లో ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తుల విచారణ, నడుస్తోంది, వాంగ్మూలం కావాలి, వీడియోలో చెబితే చాలు. దాని కిందే ఇంకో కబురు. అక్టోబరులో ఒక ఓడ మీద సెకండ్ మేట్ ఖాళీ ఉంది, మీకోసం అట్టేపెట్టాం.

ఆయన సెకండ్ మేట్ సర్టిఫికెట్ గడువు ఆ పై మార్చితో అయిపోతుంది. అది మామూలుగా పొడిగించాలంటే సముద్రం మీద పనిచేసినట్టు చూపించాలి. ఓడ ఉద్యోగం ఈ దేశం బయటిది కాబట్టి వీసా అడ్డు రాదు, కానీ నాలుగేళ్ళుగా ఏ కంపెనీకి రాసినా జవాబు రాలేదు. ఇన్నాళ్ళు ఒడ్డున కూర్చున్నవాణ్ణి ఎవరు తీసుకుంటారు? తీసుకుంటామన్నది ఈ ఒక్క ఓడ.

ఆ రోజు ఆయన తెల్ల చొక్కాలు అటక మీద నుంచి దింపి ఉతికారు. అనురాధ గారు వచ్చి, వాటిని చూసి, "ఎన్ని నెలలు?" అని అడిగారు.

"ఆరు."

"వెళ్ళండి," అన్నారావిడ. "ఇక్కడ మీరు కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంటే చూళ్ళేకపోతున్నాను."

మర్నాడు వాంగ్మూలం వచ్చింది. ఓడ కంపెనీ లాయర్లే రాసి పంపారు, సంతకం పెడితే చాలు. చదువుతున్నప్పుడు ఆయన మొహం మారింది. నాకు మొత్తం చెప్పారు.

కాకినాడ నుంచి పడమటి ఆఫ్రికాకి బియ్యం తీసుకెళ్ళారు. దోవలో తుఫాను. నీళ్ళు రాకుండా సరుకుండే హోల్డు మీద గాలి వెళ్ళే మూతలన్నీ బిగించేశారు. తుఫాను తగ్గాక వాటిని తెరవాలి. లేకపోతే లోపలి ఉక్కకి ఇనుప గోడలు చెమట పట్టి, బస్తాల మీద కారి, బియ్యం బూజుపడుతుంది. నాలుగు గంటలకోసారి లోపలి వేడి, బయటి వేడి కొలిచి, మూతలు తెరిచారో మూశారో ఒక పుస్తకంలో రాయాలి.

"నాలుగు రోజులు ఎవరమూ కొలవలేదు. తుఫాన్లో నిద్రల్లేవు. మూతలు తెరవమని నేను చెప్పలేదు. అయిదో రోజు కేబిన్‌లో కూర్చుని నాలుగు రోజులదీ ఒకేసారి రాసేశాను. ఒక్క కప్పు టీ అయ్యేలోపు."

"దొరికిపోరా?"

"రెండు పెన్నులు వాడతాం. ఒకటి నీలం, ఒకటి నలుపు. మధ్యలో ఒక అంకె కొట్టేసి దిద్దుతాం. కొట్టివేతలుంటే నిజంలా ఉంటుంది. నాకు నేర్పినాయనకీ ఎవరో నేర్పారు."

సగం బియ్యం పాడైంది, కొన్నవాళ్ళు ఓడ కంపెనీని నష్టపరిహారం అడిగారు. కంపెనీ విచారణలో రాఘవులు గారు, మూతలు తెరవమని సరంగుకి చెప్పాను, తెరిచానని అతను చెబితేనే రాశాను అన్నారు. సరంగు అంటే డెక్కు మీద కూలీలకి పెద్ద. ఉప్పాడ మనిషి, పేరు ఎల్లాజీ. అతన్ని ఆ రేవులోనే దింపేశారు. మళ్ళీ ఏ ఓడా ఎక్కించుకోలేదు. ఇప్పుడు వచ్చిన వాంగ్మూలంలో అదే అబద్ధం మంచి ఇంగ్లీషులో ఉంది.

ఆయన సంతకం పెట్టారు. నా ముందే పెట్టారు. అనడానికి నాకేముంది? మూడు నెలలుగా ఒక్క ఇంటర్వ్యూ కోసం నా రెజ్యూమెలో నేనూ అలాంటివే రాస్తున్నాను.

సెప్టెంబరులో ఆయన మళ్ళీ ఆ పాత కాగితాలు ముందేసుకున్నారు. అప్పుడు దొరికాడు మచిలీపట్నం వాడు. పేరు గుమాస్తా రాసినదాన్ని బట్టి నర్సా. వయసు ముప్పై, అటూ ఇటూగా. బట్టల మూటలు తడిసిన కేసు. అతని మాటల్ని ఒక దుబాసీ పోర్చుగీసులోకి, అక్కణ్ణించి ఇంకొకడు ఇంగ్లీషులోకి మార్చారు. ఓడ అడుగున పగులు ప్రయాణం మొదలవక ముందే ఉందని, తన చేత్తో తడిమి చూశానని, కెప్టెన్‌కి చెప్పానని అన్నాడు. కెప్టెన్‌కి ఆ జవాబు ఉరితాడే. చివర్న మామూలు ప్రశ్న. ఎవరు గెలవాలని నీ కోరిక?

రాఘవులు గారు తెర మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని, తెలుగులో చెప్పారు.

"కెప్టెనే గెలవాలని కోరుకుంటున్నాడు. ఎందుకంటే ఆయన ఓడ తప్ప తనని ఇంటికి తీసుకెళ్ళే ఓడ లేదు."

నేను ఆ లైను మళ్ళీ చదివాను.

"మరి నిజమెందుకు చెప్పాడు, వెధవ!" అన్నాను నేను. నాకు కోపమొచ్చింది.

"అడిగారు కదా," అన్నారాయన.

కింద నర్సా గుర్తు ఉంది. నిలువుగా ఒక గీత, దానికి అడ్డంగా వంకర గీత. తెరచాప కావచ్చు. తర్వాతి పేజీలో వేరే సాక్షి. రాఘవులు గారు మరో రెండు వందల పేజీలు వెతికారు. ఆ పేరు మళ్ళీ లేదు. ఇంటికి చేరాడో, ఆ చలి ఊళ్ళోనే ఏ సత్రంలోనో పోయాడో ఏ గుమాస్తా రాయలేదు. ఆయన అన్నం ముందు కూర్చుని కూడా, "మచిలీపట్నం వైపు వెళ్ళే ఓడలు ఆ ఏడాది ఇంకో రెండున్నాయి తమ్ముడూ. వాటిలో ఎక్కించుకుని ఉంటారా?" అని అడిగేవారు, నేనేదో ఆ రేవులో పనిచేసినట్టు.

లండన్ వాళ్ళ వీడియో విచారణ పొద్దున్న తొమ్మిదింటికి. లండన్‌లో మధ్యాహ్నం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఇతరులెవరూ గదిలో ఉండకూడదన్నారు కాబట్టి నేనూ, సెలవు పెట్టిన అనురాధ గారూ మెట్ల మీద కూర్చున్నాం. ఇంటి గోడలు పల్చన, అంతా వినపడింది.

అవతలి లాయరు ఒక ఆడమనిషి. గొంతు చాలా మర్యాదగా ఉంది. వెంటిలేషన్ పుస్తకంలో పేజీ చూపించి, ఈ అంకెలు ఎప్పుడు రాశారని అడిగింది. జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది.

"అన్నీ ఒకే రోజు రాశాను," అన్నారు రాఘవులు గారు ఇంగ్లీషులో. "కొలవకుండా రాశాను."

"మరి సరంగు మీకు చెప్పాడని మీ వాంగ్మూలంలో ఉంది?"

"అతను చెప్పలేదు. నేను అతనికి చెప్పనే లేదు. అతని తప్పేమీ లేదు. అది రాసుకోండి."

అనురాధ గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ గోళ్ళు దిగాయి.

"ఈ సాక్ష్యం గురించి మీకు ఎవరైనా ఏదైనా ఇస్తామన్నారా?"

"ఓడ ఇస్తామన్నారు. నాకది కావాలి. ఇప్పుడూ కావాలి." తనే మళ్ళీ, "మీరడిగారు కాబట్టి చెబుతున్నాను," అన్నారు.

గంటలోపే అయిపోయింది. సాయంత్రానికి ముంబై నుంచి రెండు లైన్ల మెయిల్. ఆ ఖాళీ భర్తీ అయింది, మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం. ఆయన అది చదివి లాప్‌టాప్ మూసి బెండకాయలు తరగడం మొదలుపెట్టారు. అనురాధ గారు పక్కన నిలబడి, "ఏవండీ, ముందే చెప్పొచ్చు కదా నాకు," అన్నారు.

"చెబుతాననుకోలేదు అనూ. కుర్చీలో కూర్చునేదాకా నాకూ తెలీదు."

ఆవిడ కత్తి తీసుకుని మిగతావి తరిగారు. తెల్ల చొక్కాలు మాత్రం మళ్ళీ అటక ఎక్కించలేదు. అల్మారాలో మామూలు చొక్కాల పక్కన వేలాడదీశారు.

ఎల్లాజీ నంబరు సంపాదించడానికి వారం పట్టింది. ఆదివారం పొద్దున్న, అక్కడ సాయంత్రం, ఫోన్ స్పీకర్‌లో పెట్టి చేశారు. కుర్చీలో కాదు, వరండా మెట్ల మీద కూర్చుని.

"ఎవరూ?"

"ఎల్లాజీ, నేను. సెకండ్ మేట్ రాఘవుల్ని."

అవతల గాలి చప్పుడు. "సారు! ఎన్నాళ్ళకి సారూ! బాగున్నారా?"

రాఘవులు గారు జరిగినదంతా చెప్పారు. పుస్తకం, రెండు పెన్నులు, లండన్ లాయరు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు చెప్పారు.

"ఇప్పుడెందుకు సారూ అయన్నీ," అన్నాడు ఎల్లాజీ చివరికి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నా కాయితాలు ఏనాడో పోయాయి. రొయ్యల చెరువుల కాడ సేత్తన్నాను. మోటారు ఏయడం, మోటారు ఆపడం."

"తప్పు నాది ఎల్లాజీ."

"నాకు తెలుసు కదా సారూ. ఆ ఓడ మీద నాకు తెలీకుండా మూత తెరుచుకుంటదా?" చిన్నగా నవ్వాడు. "మీరు ఇప్పుడు ఏ ఓడ మీదున్నారు సారూ?"

రాఘవులు గారు వీధి వైపు చూశారు. ఎదురింటివాళ్ళు కారు కడుగుతున్నారు.

"ఏ ఓడ మీదా లేను. ఇంక ఎక్కను కూడా."

అవతలి మనిషి, పోయినవాళ్ళ ఇంటికి పలకరించడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డట్టు ఉండిపోయాడు.

"అయ్యో," అన్నాడు. "అదేంటి సారూ."

"సముద్రం ఎలా ఉందక్కడ?"

"పోటు మీదుంది సారూ. తూరుపు గాలి. రోడ్డు మీదకి కొడతంది. రేపు ఎవలూ ఏటకెళ్ళరు."

"ఎంత ఎత్తు?"

"మనిషి ఎత్తు ఉంటది. దాటింది కూడా. ఉండండి, గట్టు మీదకెళ్ళి సూసి సెబుతాను."

అతను నడుస్తున్న చప్పుడు, చెప్పుల కింద రాళ్ళు, వాటి వెనక దగ్గరవుతున్న అలల హోరు. రాఘవులు గారు ఫోన్‌ని చెవికి దగ్గరగా తెచ్చుకుని, రెండో చెవిని అరచేత్తో మూసుకున్నారు.