నేను తినని పిండి

మా ఇంట్లో ముగ్గురమూ లావే. నాన్న ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పొద్దున్నే ఆయన ఎక్కి కూర్చుంటే మోటారు సైకిలు ఒక్కసారి కుంగి లేచేది. అమ్మ మా ఊళ్ళో అంగన్‌వాడి టీచరు. నేను పుట్టుకతోనే బొద్దుగా ఉన్నానట. రెండు వేల రెండో మూడో సంవత్సరంలో, ఐదో తరగతి చదువుతున్నప్పుడు నన్ను చూసి కొత్తవాళ్ళు హైస్కూలా అని అడిగేవారు.

ఒకసారి అమ్మానాన్నా నన్ను ఇల్లందులో డాక్టరుకు చూపించారు. ఆయన మా ముగ్గురినీ వరసగా చూసి, తల్లీ తండ్రీ ఎదురుగా ఇట్లా కూర్చున్నాక పిల్లకు ఇంకా పరీక్షలెందుకు అని నవ్వాడు. కొంత పుట్టుకతో వస్తుంది, కొంత ఇంటి తిండితో వస్తుంది, బాగా ఆడుకోనివ్వండి, ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది అన్నాడు. అమ్మ మనసు కుదుటపడింది. బస్టాండు దగ్గర వేడివేడి మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది.

మా మీద పెద్దమ్మ కన్ను పడింది. అంటే నాన్న వాళ్ళ అన్న భార్య. ఇల్లు మా పక్కనే. మనిషి ఎండిన పత్తికట్టెలా ఉండేది. తిండి లేక కాదు, పది ఎకరాల చేను ఉంది. ఆమె కూతురు, నాకు అక్క, అంగన్‌వాడి ఉద్యోగానికి అమ్మతోపాటే దరఖాస్తు పెట్టింది. అమ్మకు వచ్చింది, అక్కకు రాలేదు. ఆ రోజు నుంచి పెద్దమ్మ మా గడప తొక్కలేదు, మా ఊసు మాత్రం వదల్లేదు.

అంగన్‌వాడి అంటే ఒక్క గది. దూలానికి తక్కెడ వేలాడుతుండేది. అడవి పక్క గూడెం నుంచి పిల్లలు వచ్చేవారు. నెలకొకసారి అమ్మ ఒక్కొక్కరినీ గుడ్డ ఉయ్యాల్లో కూర్చోబెట్టి, కొక్కేనికి తగిలించి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి కార్డు మీద చుక్క పెట్టేది. చుక్క కింది గీత దగ్గర పడితే ఆ పూటంతా ఆమె మొహం మాడిపోయేది. అట్లాంటి పిల్లల ఇళ్ళకు సర్కారు ఇచ్చే పిండి ప్యాకెట్లు పంపేది. వాళ్ళ తల్లులతో మాట్లాడటానికి కోయ మాటలు కూడా నేర్చుకుంది. అవి తప్పుగా పలికితే ఆ తల్లులు నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది.

ఒకరోజు బోరింగు దగ్గర నేను బిందె పెట్టుకుని నిలబడి ఉంటే, నా ఎదురుగానే పెద్దమ్మ అక్కడున్న ఆడవాళ్ళతో అంది.

"గూడెం పిల్లలు గట్ల ఎండిపోయిండ్రు. టీచరమ్మ పిల్ల గిట్ల ఊరింది. పిండి యాడికి పోతందో ఇంక నేను చెప్పాల్నా?"

ఆ పిండంటే నాకు అసహ్యం. పాత గోనెసంచి వాసన వచ్చేది. అమ్మ ఒకసారి బెల్లం కలిపి పెట్టినా ఉమ్మేశాను. కానీ నన్ను ఎవరూ అడగలేదు. నా ఒళ్ళు చూస్తే చాలు, ఊరందరికీ సమాధానం దొరికినట్టే.

నెల తిరక్కుండా అమ్మ మీద అర్జీ వెళ్ళింది, సూపర్‌వైజర్ మేడం బస్సు దిగింది. ప్యాకెట్లు లెక్కపెట్టింది, రిజిస్టరు చూసింది, అన్నీ సరిపోయాయి. అక్కడితో అయిపోవాలి. కానీ వాకిట్లో నేను కనపడ్డాను. పొద్దున ఏం తిన్నావని అడిగింది. అన్నం, చింతకాయ తొక్కు, పెరుగు అన్నాను. గుమ్మం దగ్గర మూగిన జనం నవ్వారు. పిల్ల బరువు కూడా రాసుకుంటానంది మేడం. సెంటర్లో ఉన్నది చంటిపిల్లల తక్కెడ, నన్ను మోయదు. ఇప్పపువ్వు, చింతపండు కొనే సాయిబు కొట్టులో పెద్ద కాంటా ఉందని పెద్దమ్మే దారి చూపించింది.

"పిల్లను సంచి లెక్క తూకమేస్తరా మేడం?" అన్నాడు సాయిబు. ఆ రోజు నా తరఫున మాట్లాడింది ఆయనొక్కడే. చివరికి నన్ను ఎక్కించి, బరువును మేడం చెవి దగ్గర చిన్నగా చెప్పాడు. పక్కనే నిలబడ్డ పెద్దమ్మ అది విని, బజారంతా వినపడేలా నలభై ఆరు అని అరిచింది. అమ్మ చింతపండు గంపల పక్కన తల దించుకుని నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణం నుంచి నాకు పెద్దమ్మ మీద పగ. పదేళ్ళ పిల్లకు పగేమిటని నవ్వకండి. అది నాతోపాటే ఎదిగింది.

అమ్మ ఆ రోజు నుంచి నోరు కట్టుకుంది, నా నోరూ కట్టేసింది. ఆమె లెక్క ఒకటే. తాను తగ్గితే నేను తగ్గుతాను, నేను తగ్గితే ఆ అర్జీ అబద్ధమవుతుంది. కంచంలో ఒక్క గరిటె అన్నం. నాన్న ఇల్లందు హోటల్లో కడుపు నింపుకుని వచ్చి ఇంట్లో ఆకలి లేదనేవాడు. ఒకసారి పిల్లవాణ్ణి కొక్కేనికి తగిలిస్తుంటే అమ్మ చేతులు వణికాయి. పిల్లవాడి తల్లి పరుగున వచ్చి పట్టుకుంది. అది చూశాక నేను ఇక ఊరుకోదలచుకోలేదు.

తునికాకు కోతల రోజులు. మధ్యాహ్నం ఊళ్ళో మనుషులుండరు. అమ్మ మీటింగుకు ఇల్లందు వెళ్ళింది. సెంటరు తాళంచెవి తలుపు వెనక మేకుకు ఉంది. మూడు పిండి ప్యాకెట్లు తీసి గౌను లోపల దోపుకున్నాను. లావుగా ఉండటం నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే, పైకి ఏమీ తెలియలేదు. పెద్దమ్మ పెరట్లో పత్తికట్టెల మోపుల కింద వాటిని దాచాను. ఆ తర్వాత ఎడమ చేత్తో మేడంకు ఒక పోస్టుకార్డు ముక్క రాశాను. పిల్లల పిండి ఫలానా ఇంటి పెరట్లో పత్తికట్టెల కింద ఉందని, అంతే. ఆ ఆకాశరామన్న ఉత్తరం డబ్బాలో వేసి వస్తుంటే పండగలా అనిపించింది. ఇక ఆమె తల దించుకుని నిలబడటం చూస్తాను కదా అని రోజులు లెక్కపెట్టాను.

వారానికి మేడం వచ్చింది. పెద్దమ్మ పెరడు వెతికించింది. మోపులు తీయించింది. ఏమీ లేదు. పొయ్యిలోకి కట్టెలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడే పెద్దమ్మకు ప్యాకెట్లు దొరికి ఉంటాయి, ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. మేడం తిరిగి సెంటరుకు వచ్చి ప్యాకెట్లు లెక్కపెట్టింది. మూడు తక్కువ.

నేను తవ్విన గోతిలో అమ్మ నిలబడి ఉంది. తక్కువ పడ్డాయని రాస్తే ఉద్యోగం పోతుందని మేడం చెప్పింది. గుమ్మంలో నుంచి పెద్దమ్మ ఎంతో జాలిగా, పిల్ల తిని ఉంటుందిలే, ఆకలికి తట్టుకోలేకపోయి ఉంటుంది అంది. మేడం చెడ్డమనిషి కాదు. గొంతు తగ్గించి, తెలియక పిల్ల తిన్నదంటే అట్లాగే రాస్తాను, ఒక హెచ్చరికతో పోతుంది అంది. అందరూ నా వైపు తిరిగారు. 

అమ్మ మొదటిసారి తల ఎత్తింది.

"అది తినది మేడం. దానికి ఆ వాసనే పడదు. నా కొలువు పోతే పోనీ, నా పిల్లను దొంగ అనకుండ్రి."

నిజం చెప్పవచ్చు. చెబితే ఎవరు నమ్ముతారు? ఇంత లావు పిల్ల పిండి తీసి తినకుండా దాచిందంటే నమ్మే మనిషి ఆ గదిలో అమ్మ తప్ప లేదు. 

"అవ్ మేడం," అన్నాను. "నేనే తిన్న. మూడూ తిన్న."

మేడం రాసింది, కింద నా చేత సంతకం పెట్టించింది. జనం తృప్తిగా ఇళ్ళకు వెళ్ళారు. ఇంటికి వచ్చాక అమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. వీపు మీద రెండు గట్టిగా వేసింది. ఆ తర్వాత కుండ నిండా అన్నం వండింది. ఇద్దరం కడుపు నిండా తిన్నాం. పది రోజులకు పెద్దమ్మ ఇంటి అరుగు మీద మామిడికాయ తొక్కు జాడీ మూతికి ఆ పిండి ప్యాకెటు కవరు కట్టి ఉండటం చూశాను. నేను చూస్తున్నానని ఆమె చూసింది. దాన్ని తీసి దాచనైనా లేదు. ఆ తర్వాత ఊళ్ళో చాలా ఏళ్ళు నా పేరు పిండిపిల్ల.

నేను ఖమ్మంలో ఇంటర్ చదువుతుండగా పెద్దమ్మ పోయింది. నాకు ఏడుపు రాలేదు, రావాలని ప్రయత్నించనూ లేదు. పెద్దకర్మకు వెళ్ళే ముందు, నలుగురూ చూస్తారు, కొద్దిగా తిని లేవమని అమ్మ చెప్పింది. నేను మొదటి బంతిలో సరిగ్గా వాకిలి మధ్యలో కూర్చున్నాను. వడ్డిస్తున్నది అక్కే. అన్నం పెడితే ఇంకా అన్నాను. మాంసం వేస్తే ఇంకా అన్నాను. గారెలు నాలుగు వేయించుకున్నాను. చూసేవాళ్ళందరినీ తలెత్తి చూస్తూ తిన్నాను.

అక్కకు అప్పటికి నాలుగేళ్ళ కూతురుంది. రెండు కాన్పుల తర్వాత అక్క బాగా ఒళ్ళు చేసింది. ఆ పిల్ల కూడా బూరెల్లాంటి బుగ్గలతో, ముడతలు పడ్డ మణికట్లతో అచ్చం తల్లే. వచ్చి నా విస్తరి పక్కన నిలబడి గారె వైపు చేయి చాపింది. అక్క ఆ చేతి మీద చటుక్కున కొట్టింది.

"పొద్దటి సంది మేస్తనే ఉన్నవ్. ఇప్పటికే..."

నన్ను చూసి మాట మింగేసింది. పిల్ల ఏడవలేదు. చేయి వెనక్కి తీసుకుని, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది. ఎంతో కాలంగా నేను కూడబెట్టుకున్న మాటలు నాలుక చివర దాకా వచ్చాయి. అక్క ఒంటినీ పిల్ల ఒంటినీ కలిపి, వాళ్ళమ్మ ఫొటో ముందే, ఊరందరికీ వినపడేలా అనేయొచ్చు.

పిల్లను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. గారె తుంచి దాని నోట్లో పెట్టాను. అది మింగాక ఇంకొకటి పెట్టాను. ఎంత మంచి మనసని బంతిలో ఎవరో అన్నారు. మంచి మనసు కాదు, నేను పెట్టింది కసితో. పెద్దమ్మ వాకిట్లో, పెద్దమ్మ మనవరాలికి, అందరూ చూస్తుండగా కడుపు నిండేదాకా పెట్టాను. ఆ సంగతి అక్కకు తెలుసు. ఆమె నన్ను ఆపలేదు, ఇంకో రెండు గారెలు తెచ్చి నా విస్తట్లో వేసింది.